చదువు రాని వాళ్లకు షుగర్ వీడియోలు ఎలా చేస్తే ఎక్కుతాయి?

నమస్తే అండీ. మా అమ్మకు, మా వీధిలో ఇంకో పది పన్నెండు మందికి షుగర్ ఉంది. చాలామందికి చదవడం రాదు, కానీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు మాత్రం శ్రద్ధగా వింటారు. అందుకని మా ఊరి ఆశా కార్యకర్త, నేను కలిసి రెండు నిమిషాల వీడియోలు చేసి గ్రూపులో పెడుతున్నాం.

మొదటి దాంట్లో "కార్బోహైడ్రేట్లు తగ్గించండి" అన్నాను, ఒక్కరికీ అర్థం కాలేదు (నా తప్పే, కాగితం చూసి చదివేశా). తర్వాత స్టీలు కంచంలో సగం కూరగాయలు, పావు వంతు అన్నం, పావు వంతు పప్పు పెట్టి చూపిస్తే ఒకావిడ వెంటనే "ఇంత అన్నానికి కడుపెట్లా నిండుద్ది బాబూ" అని అడిగింది, అంటే విషయం ఎక్కినట్టే కదా! షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలన్నది కూడా బాగానే గుర్తుపెట్టుకున్నారు.

ఇరుక్కుపోయింది హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటును శాతంలో చూపే రక్తపరీక్ష) దగ్గర. మూడు నెలల సగటు అని చెబితే "నిన్న పరగడుపున 110 వచ్చింది, ఇందులో 9 అంటున్నారు, మరి తగ్గినట్టేగా" అంటున్నారు. దీనికి పల్లెలో వాళ్లకు తట్టే పోలిక ఏదైనా ఉందా? కరెంటు బిల్లుతో పోల్చి చూశా, ఇంకా గందరగోళం అయింది.

ఇంకోటి, చెప్పింది అర్థమైందో లేదో పరీక్ష పెట్టినట్టు కాకుండా ఎలా అడగాలి? ఏది అడిగినా తలూపేస్తున్నారు. ఇలాంటి పని చేసిన నర్సులు, టీచర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.