తార్కికంగా ఆలోచించడం రావాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

చిరుసందేహం:
ఫ్యాలసీల (వాదనల్లో దొర్లే తప్పుల) లిస్టులు బోలెడు చదివాను. ఎవరైనా వాదిస్తుంటే ఇది స్ట్రామ్యాన్ (ఎదుటివాడు అనని మాట అన్నట్టు చూపి కొట్టేయడం), అది యాడ్ హామినెమ్ (వాదన వదిలేసి మనిషి మీద పడటం) అని టక్కున పట్టేస్తున్నాను, దాంతో ఇంట్లో గొడవలు పెరిగాయి తప్ప నా నిర్ణయాలు ఏమీ బాగుపడలేదు. ఏ వార్త నమ్మాలి, ఉద్యోగం మారాలా వద్దా, ఇలాంటి చోట ఎప్పటిలాగే ఊగిసలాట. లాజిక్ చదవాలా, స్టాటిస్టిక్సా, సైకాలజీయా? లెక్కలంటే భయం లేదు గానీ ఇంటర్‌తో ఆపేశాను.

సగటుజీవి:
ముందు సంభావ్యత (ప్రాబబిలిటీ). రోజూ మనం తేల్చుకోవాల్సిన వాటిలో "అవును, కాదు" అనేవి తక్కువ, "ఎంతవరకు నమ్మొచ్చు" అనేవే ఎక్కువ. ఒక లెక్క చూడండి. ఒక జబ్బు వందలో ఒకరికి ఉందనుకుందాం. టెస్టు, జబ్బున్న వాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 9 శాతం మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. మీకు పాజిటివ్ వస్తే జబ్బు ఉండే అవకాశం ఎంత? చాలామంది ఠక్కున 80, 90 శాతం అనేస్తారు. 1000 మందిని తీసుకోండి: జబ్బున్నవాళ్లు 10 మంది, వాళ్లలో 9 మందికి పాజిటివ్. మిగిలిన 990 మందిలో దాదాపు 89 మందికి కూడా పాజిటివే. అంటే మొత్తం 98లో నిజమైనవి 9, పదో వంతు కూడా లేదు. ఇదంతా థామస్ బేయస్ అనే ఆయన చెప్పిన బేయస్ సిద్ధాంతమే, ఆయన పోయాక 1763లో అచ్చయింది. ఫార్ములా బట్టీ పట్టక్కర్లేదు, శాతాలను మనుషుల లెక్కలోకి మార్చుకోవడం అలవాటు చేసుకోండి చాలు. (లక్షణాలు చూసి డాక్టర్ రాసిన టెస్టయితే మొదలే వందలో ఒకరు అనే అంకె వర్తించదు, ఇది చదివి రిపోర్టులు పక్కన పడేయకండి బాబూ.)

తర్కప్రియ:
లాజిక్‌ని అంత తేలిగ్గా వదలొద్దు. న్యాయదర్శనంలో (మన పాత తర్కశాస్త్రంలో) పొగ, నిప్పు ఉదాహరణ అందరూ విన్నదే, పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే. అందులో అసలు పనికొచ్చేది తర్వాతి మాట: నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుప గుండు నుంచి పొగ రాదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఆ దాగి ఉన్న షరతునే ఉపాధి అన్నారు. ఫలానాది చేసేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారట అని చదివినప్పుడు, మధ్యలో తడి కట్టె ఏముందో వెతకండి. అది చేయడానికి కావలసిన డబ్బు, తీరిక, ఒంట్లో ఓపిక ముందే ఉన్నవాళ్లేమో.

ఇంకోటి, సైకాలజీలో పీటర్ వేసన్ 1960లో ప్రచురించిన ప్రయోగం. 2, 4, 6 అనే వరస ఒక నియమం పాటిస్తోంది, మీరూ మూడేసి అంకెలు అడుగుతూ అదేంటో కనుక్కోండి అన్నాడు. రెండేసి చొప్పున పెరగాలేమో అనుకున్నవాళ్లు 8, 10, 12 లాంటివే అడుగుతూ పోయారు, అన్నిటికీ అవుననే జవాబు. నియమం చూస్తే, అంకెలు పెరుగుతూ పోతే చాలు, అంతే. తన ఊహ తప్పయితేనే అవుననిపించే ప్రశ్న, అంటే 3, 7, 50 లాంటిది, అడిగితే గానీ అది బయటపడదు.

మొండిఘటం:
ఇద్దరితోనూ ఒప్పుకోను. వందలో ఒకరు అన్న అంకె సంభావ్యత పుస్తకంలో దొరకదు, వైద్యం తెలిసినవాళ్ల దగ్గర దొరుకుతుంది. తడి కట్టె సంగతీ అంతే, పొయ్యి రాజేసినవాడికే తెలుస్తుంది. విషయం తెలియకుండా పద్ధతి ఒక్కటే నేర్చుకున్నవాడు తప్పుడు అంకెలతో కూడికలు మాత్రం కరెక్టుగా చేస్తాడు. ఇక ఫ్యాలసీల పేర్లు ఎదుటివాడి మీద విసరడానికే పనికొస్తాయి, ప్రశ్న అడిగినవారే ఒప్పుకున్నారుగా!

వాతావరణ శాఖల వాళ్లను చూడండి. రేపు వాన పడే అవకాశం 70 శాతం అంటారు, మర్నాడే ఫలితం తెలుస్తుంది. గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో దీనికి మార్కులు వేసే పద్ధతి చెప్పాడు. జరిగితే 1, జరగకపోతే 0 అనుకుని, మీ అంచనాకీ దానికీ ఉన్న తేడాని వర్గం చేస్తే వచ్చేదే జరిమానా: 90 శాతం అన్నది జరిగితే జరిమానా 0.01, జరగకపోతే 0.81. ఎటూ తేల్చకుండా 50 శాతం అంటే ఎలాగైనా 0.25. మీరూ ఒక నోట్‌బుక్‌లో మీ అంచనాలు శాతాలతో, తేదీతో రాసుకోండి. కొన్నాళ్లకి ఏ రకం విషయాల్లో మీకు నమ్మకం మరీ ఎక్కువో తెలిసిపోతుంది. ఏ పుస్తకమూ అది మీ గురించి చెప్పదు.

చిరుసందేహం:
వాన అయితే రోజూ పడొచ్చు. ఉద్యోగం మారడం ఒక్కసారే కదండీ, దానికి మార్కులు ఎలా?

మొండిఘటం:
ముక్కలు చేయండి. "ఆరు నెలల్లోపు సెలవు రోజున ఆఫీసు కాల్ వస్తుంది", "ఏడాదిలోపు నా టీమ్ మారుతుంది", ఇలా తేలిపోయే వాక్యాలు ఓ పది, చేరకముందే శాతాలు వేసి పెట్టుకోండి. "అక్కడ బాగుంటుంది" అని మాత్రం రాయకండి, దాన్ని తర్వాత ఎటైనా తిప్పుకోవచ్చు.

సగటుజీవి:
దానికి ముందు, అక్కడ ఇదివరకు చేరినవాళ్ల పరిస్థితి ఏమైందో కనుక్కోండి, మీ కథ ప్రత్యేకం అనే ఆలోచన తర్వాత. ఇప్పటి ఆఫీసులో ఇన్నేళ్లు పెట్టాను అనేది లెక్కలోకి రాదు, వెళ్లినా ఉన్నా ఆ ఏళ్లు తిరిగిరావు. అడిగేటప్పుడు అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లనే అడిగితే బాగుందనే అంటారు, బాగోలేనివాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు. మానేసినవాళ్లని పట్టుకోండి, కాస్త తిరగాల్సి వస్తుంది.