ఎనిమిదో తరగతి, అయినా అరువు తీసివేతలు రావు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నర్సంపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెబుతాను. 34 మందిలో పది పన్నెండు మందికి అరువు తీసివేతలు కూడా రావు. నిన్న 403 లోంచి 168 తీసెయ్యమంటే ఒకమ్మాయి 365 అని రాసింది, పక్కన ఇద్దరిదీ అదే జవాబు, కాపీ కొట్టారని కోప్పడ్డాను కూడా. వీళ్లకు సమీకరణాలు ఎట్లా చెప్పాలి? సాయంత్రం ఆపుదామంటే ఊళ్లకు బస్సు దొరకదు.

జవాబు 1 (హన్మకొండ)
కాపీ కాదు మేడం. 365 ఎట్లా వచ్చిందో చూడండి. మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచే మూడు తీసి 5 వేసింది, ఆరులోంచి సున్నా తీసి 6, నాలుగులోంచి ఒకటి పోతే 3. తీసివేత వచ్చు, స్థాన విలువ రాదు, అంతే. నేను చీపురు పుల్లల కట్టలు తెస్తే మావాళ్లు "మేమేమన్నా ఒకటో తరగతోళ్లమా సార్" అన్నారు, అందుకని నోట్లకు మారాను. చేతిలో నాలుగు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు పెట్టి, కిరాణం కొట్టులో 168 ఇవ్వమంటాను. వంద మార్చి పది పదులు, అందులో ఒక పది మార్చి పది బిళ్లలు. మధ్యలో సున్నా ఉంటే రెండుసార్లు ఎందుకు మార్చాలో అప్పుడు వాళ్లే చెబుతారు.

జవాబు 2 (ములుగు)
పిల్లల్ని అని లాభం లేదు. 2020-21లో వీళ్లది మూడో తరగతి, కరోనాకు మూసిన బళ్లు వీళ్లకు తెరిచింది 2021 సెప్టెంబర్‌లో, ఈలోపు టీవీలో టీశాట్, దూరదర్శన్ పాఠాలే. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం వచ్చేసరికి ఐదుకొచ్చేశారు. సాయంత్రాలు వద్దు, పీరియడ్‌లో మొదటి పావుగంట తీయండి, కానీ వాళ్లను వేరే వరుసలో మాత్రం కూర్చోబెట్టకండి, ఒకసారి "మొద్దుల బెంచీ" అని పేరు పడితే మళ్లీ నోరు విప్పరు.

జవాబు 3 (జనగామ)
పావుగంట అనడం తేలికే. ఎఫ్ఏ-1 (మొదటి ఫార్మేటివ్ పరీక్ష) కి సిలబస్ ఎవరు పూర్తి చేస్తారన్నా? మార్కులు తగ్గితే అడిగేది మమ్మల్నే.

జవాబు 2 మళ్లీ
అరువే రానోడు ఎఫ్ఏలో సమీకరణం చేస్తాడా తమ్ముడూ?

అడిగినవారు
ఇవాళ ముగ్గురినీ దూరదూరంగా కూర్చోబెట్టి 502 లోంచి 247 ఇచ్చాను. ముగ్గురికీ 345 వచ్చింది. నిన్న ఉత్త పుణ్యానికి తిట్టాను. అదే అమ్మాయి నోట్లతో అయితే పెన్ను ముట్టకుండా 255 అంది. రేపటికి చిల్లర కావాలి, పది రూపాయల నోట్లు ఏ కొట్లోనూ ఇవ్వట్లేదు.