పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ కరాటే: వైజాగ్‌లో క్లాసు ఎలా చూసుకోవాలి?

సీతమ్మధార_బ్రౌన్‌బెల్ట్

అందరికీ నమస్తే. నాకు 37 ఏళ్లు. ఏడో తరగతి నుంచి ఇంజినీరింగ్ అయ్యేదాకా షోటోకాన్ కరాటే నేర్చుకున్నాను. బ్లాక్‌కి ముందుదైన బ్రౌన్ బెల్ట్ వచ్చాక ఉద్యోగం, పెళ్లి, బాబు, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగిపోయింది. మొన్న ఇల్లు మారుతుంటే అటక మీద సంచిలో పాత గి (కరాటే డ్రెస్సు) దొరికింది. బెల్ట్‌కి ముడి వేసే చోట మడత ఇంకా అలాగే ఉంది.

ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక డాబా మీదకెళ్లి హేయాన్ షోదాన్ అనే కాటా (వరస తప్పకుండా ఒంటరిగా చేసే కదలికలు) చేశాను. 21 కదలికలూ వచ్చేశాయి. నేను గుర్తు చేసుకున్నది లేదు, కాళ్లే తిరిగాయి. తొమ్మిదో కదలిక దగ్గర కియాయ్ (దెబ్బతో పాటు వేసే కేక) గొంతు దాకా వచ్చింది కానీ, చుట్టుపక్కల వాళ్లు లేస్తారని మింగేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ఇష్టమైన పనిని ఇన్నేళ్లు ఎలా వదిలేశానో అర్థం కాలేదు.

మర్నాడు ఉత్సాహంలో మవాషి గెరి (కాలు పక్క నుంచి తిప్పి తన్నే కిక్) ప్రయత్నిస్తే తొడ వెనక కండరం పట్టేసి నాలుగు రోజులు కుంటుతూ నడిచాను.

ఆఫీసు రుషికొండ వైపు. మూడు చోట్లు అనుకుంటున్నాను: ఇసుకతోట దగ్గర స్కూలు గ్రౌండులో తైక్వాండో, మధురవాడలో ఒక ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు కలిపిన ఆట) జిమ్, ఎంవీపీ కాలనీలో ఒక కరాటే హాలు. ఆ కరాటే వాళ్లది షోటోకాన్ కాదు, షితో ర్యూ అనే ఇంకో స్టైల్. పాత స్టైల్ కోసమే వెతకాలా? నా బ్రౌన్ బెల్ట్ చెల్లుతుందా? అసలు ఏం చూసి చేరాలి? మానేసి మళ్లీ మొదలుపెట్టిన వాళ్లు చెప్పండి.

గాజువాక_షిఫ్ట్

అన్నా, ముందు దూరం చూసుకో. స్టైలూ మాస్టారూ ఆ తర్వాతే. నాది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఐదేళ్ల గ్యాప్ తర్వాత, ఊళ్లోకెల్లా మంచి మాస్టారని అందరూ చెప్పిన చోట చేరాను. నేర్పడంలో ఆయనకి వంక పెట్టలేం. కానీ గాజువాక నుంచి బండి మీద ఎన్ఏడీ దాటి ఎంవీపీ దాకా వెళ్లి రావడానికే రెండు గంటలు పోయేది. బి షిఫ్ట్ వారం సాయంత్రం క్లాసు ఎలాగూ కుదరదు. సి షిఫ్ట్ వారం నిద్ర చాలదు. మూడో నెలకి వచ్చేసరికి నెలంతా కలిపి నాలుగు క్లాసులు. మళ్లీ మానేస్తున్నాననే బాధ ఒకటి.

ఇప్పుడు ఇంటికి పది నిమిషాల దూరంలో చేస్తున్నాను. పొద్దున్న ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్, దేనికి వెళ్లినా ఫీజు ఒకటే. మూడేళ్లు దాటింది. నీకు ఆఫీసుకీ ఇంటికీ మధ్యలో ఉన్నది ఎంవీపీయే కదా, అక్కడ మొదలుపెట్టి చూడు.

ఇంకోటి, ఏడాది ఫీజు ఒకేసారి కట్టకు. మధ్యలో ఒకచోట రెండు నెలలు ఫ్రీ అన్నారని కట్టేశాను. నాలుగో నెలలో నేర్పే ఆయన మానేసి వెళ్లిపోయారు. ఆయన్ని చూసి చేరాం, మిగిలింది హాలు. డబ్బు వెనక్కి రాలేదు.

కొమ్మాది_అక్క

నేను కాలేజీ రోజుల్లో తైక్వాండో బ్లాక్ బెల్ట్. ఇద్దరు పిల్లలు పుట్టాక 34 ఏళ్లకి తిరిగి వెళ్లాను. మొదటి రోజే తెలిసింది, నేను నేర్చుకున్న ఆట మారిపోయిందని. మా రోజుల్లో దెబ్బ గట్టిగా తగిలిందా లేదా అని జడ్జీలు కళ్లతో చూసి పాయింట్ ఇచ్చేవారు. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి ఒంటికి ఎలక్ట్రానిక్ ప్రొటెక్టర్, 2016 రియో నుంచి తలకి కూడా. ఇప్పటి పిల్లలు ముందు కాలు గాల్లో ఉంచుకుని దాంతోనే తడుముతూ, అడ్డుపెడుతూ ఆడతారు. తలకి తగిలితే 3 పాయింట్లు, ఒంటి మీద కిక్‌కి 2. వాళ్లని అర్థం చేసుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. కాబట్టి తమ్ముడూ, పాత స్టైల్‌కే వెళ్లినా పాత క్లాసు దొరుకుతుందని అనుకోవద్దు.

చేరే ముందు నేను మూడు చోట్ల కూర్చుని చూశాను. ఒకచోట కోచ్ అడక్కుండానే నడుం పట్టుకుని పొజిషన్ సరిచేస్తున్నాడు. నన్ను కాదు, ఎవరో కాలేజీ అమ్మాయిని. ఆ పిల్ల బిగుసుకుపోవడం నాకు కనిపిస్తోంది, ఆయనకి కనిపించలేదు. అక్కడి నుంచి లేచి వచ్చేశాను. నేను చేరిన చోట మాస్టారు "ముట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగి, అప్పుడు కూడా చేత్తో కాదు, ప్యాడ్ అంచుతో మోకాలిని పక్కకి జరిపేవారు. రెండోది సిజేరియన్ అని చెబితే, డాక్టర్ దగ్గర రాయించుకుని రమ్మన్నారు. వచ్చాక కూడా మొదటి నెల గెంతే డ్రిల్స్ తీసేసి, మీ కాటా లాంటి పూమ్‌సే చేయించారు.

ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే, బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉందో లేదో వెళ్లి చూడండి. అడిగితే అందరూ ఉందనే చెబుతారు.

ఫిజియో_ఎంవీపీ

తొడ కండరం పట్టేసింది అన్నారు కాబట్టి రాస్తున్నాను. మీకు కాటా గుర్తుండటం సంతోషమే, చిక్కు కూడా అక్కడే ఉంది. కదలిక మెదడులో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. దాన్ని మోయాల్సిన ఒళ్లు మాత్రం పద్నాలుగేళ్లు కుర్చీలో కూర్చుంది. బ్రౌన్ బెల్ట్ కిక్‌ని మెదడు ఆర్డర్ వేస్తుంది, తొడ దాన్ని మోయలేదు.

కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది. దాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్‌కి నెలలు కావాలి. ఆరో వారానికి "అబ్బ, పాత ఫామ్ వచ్చేసింది" అనిపిస్తుంది చూడండి, జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే. మడమ వెనక ఎకిలీస్ టెండన్ తెగి వచ్చేవాళ్లలో ఎక్కువమంది 30 నుంచి 50 ఏళ్ల మధ్య మగవాళ్లు, ఎప్పుడో ఆడి మానేసి ఉన్నట్టుండి షటిల్ కోర్టులోకో మ్యాట్ మీదకో దిగినవాళ్లు. అందరూ ఒకే మాట చెబుతారు: వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు అని.

వారానికి రెండు క్లాసులతో మొదలుపెట్టండి. ఇంట్లో మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి నెమ్మదిగా దించడం రోజూ చేయండి. బీపీ, షుగర్ చూపించుకోండి, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉంటే డాక్టర్‌ని కలిసి వెళ్లండి. ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు బాగుంటుందని చాలామంది దానితోనే మొదలుపెడతారు. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క మీద భారం ఎక్కువ పడుతుంది. మొదటి రెండు నెలలు తడిసి గట్టిపడిన ఇసుక మీద నడక చాలు.

క్లాసులో నేలని బొటనవేలితో నొక్కి చూడండి. పజిల్ మ్యాట్లు మామూలుగా 20, 25 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, కరాటేకి సరిపోతాయి. ఎత్తి పడేసే జూడో లాంటి వాటికి 40 కావాలి. పల్చటి మ్యాట్ మీద ఎత్తి పడేస్తున్నారంటే అక్కడ చేరొద్దు.

మ్యాట్_మీద_మనిషి

బ్రదర్, నేను పదేళ్లు కరాటే చేసి, నేల మీద పట్లు పట్టే జియు జిట్సుకి వచ్చాను. నా మాట విని ఎంఎంఏ జిమ్‌కే వెళ్లు. గ్రాప్లింగ్‌లో (ఈ పట్ల ఆటలో) తొలి నెల నుంచే ఎదుటివాడు నిజంగా ప్రతిఘటిస్తాడు, నీ టెక్నిక్ పనిచేస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. నొప్పి పుడితే ట్యాప్ చేస్తే, అంటే చేత్తో తడితే, ఆగిపోతారు. తలకి దెబ్బ ఉండదు. నలభై దగ్గరపడే వాళ్లకి అదే పెద్ద లాభం.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. వైజాగ్ ఉక్క సంగతి తెలుసుగా. జులైలో నా ముంజేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి వలయం వచ్చింది, అంచులు పొట్టు రేగుతూ. చెమటకాయ అనుకున్నాను. రెండు వారాల్లో మా ఆవిడకీ పాపకీ అంటింది. తామర. ఆ జిమ్‌లో మ్యాట్లు వారానికోసారి తుడిచేవారట. అప్పటి నుంచి క్లాసు అయ్యాక మ్యాట్లు తుడుస్తున్నారా లేదా చూడకుండా ఎక్కడా చేరను. ఇంటికి రాగానే స్నానం, గి అదే రోజు ఉతకడం. ఎవరి గ్లవ్స్ వాళ్లవే.

పాత_మాస్టారు

పై బాబు చెప్పిన శుభ్రత మాట అక్షరాలా నిజం. స్టైల్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ప్రతిఘటన లేకుండా నేర్పే కరాటే మాస్టార్లు ఉన్నారు, నిజమే. అలాగే ట్యాప్ చేశాక కూడా అర సెకను పట్టి ఉంచే గ్రాప్లర్లూ ఉన్నారు. తేడా మనుషుల్లో ఉంది.

ముప్ఫై ఏళ్లుగా నేర్పుతున్నాను. మానేసి వచ్చినవాళ్ల కళ్లలో ఒక బెరుకు ఉంటుంది, "నేను ఒకప్పుడు బాగా చేసేవాణ్ని సార్" అని మొదటి మాటే అంటారు. ఆ మాట చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా చేసేవాడే మీకు మాస్టారు. క్లాసుకి వెళ్లి ఆయన్ని కాదు, ఐదారేళ్లుగా ఆయన దగ్గర ఉన్నవాళ్లని చూడండి. ముప్ఫై దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారు? మోకాళ్లకి పట్టీలతో ఎంతమంది తిరుగుతున్నారు? కొత్తవాడు తప్పు చేస్తే పక్కవాడు నవ్వుతాడా, చూపిస్తాడా? మాస్టారు లేని ఐదు నిమిషాల్లో వాళ్లు ఎలా ఉంటారో అదే ఆ స్కూలు.

బెల్ట్ గురించి అడిగారు. కానో జిగోరో 1882లో కోడోకాన్ అనే స్కూలు పెట్టి జూడోలో మొదలుపెట్టిన డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయిల) పద్ధతిని, మీ షోటోకాన్‌కి మూలపురుషుడైన ఫునకోషి కరాటేలోకి తెచ్చుకున్నాడు. తొలి కరాటే బ్లాక్ బెల్టులు 1924లో ఇచ్చాడు. అంతకు ముందు కరాటే పుట్టిన ఒకినావాలో తరతరాలుగా బెల్టు లేకుండానే నేర్చుకున్నారు. తెల్ల బెల్ట్ కట్టుకుని వెళ్లి వెనక వరసలో నిలబడండి. మీ నిలబడటం చూసి తెలిసిన మాస్టారు తెలుసుకుంటాడు. రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అన్నచోట, డబ్బు కడితే బెల్ట్ అమ్ముతున్నారని అర్థం చేసుకోండి. టెస్ట్ ఫీజు ఎంత, ఎన్నాళ్లకోసారి అని చేరకముందే అడగండి.

బొబ్బిలి_వాడిని

ఒక మాట. మన ఉత్తరాంధ్రలో సాము గరిడీల సంప్రదాయం ఉంది. బీచ్ రోడ్డులో విగ్రహం ఉన్న మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు వీరఘట్టం మనిషి. మా తాతగారు పండక్కి కర్ర తిప్పేవారు, పంచె ఎగ్గట్టి, పాదం చప్పుడు లేకుండా. నేను నలభై రెండులో కర్రసాము మొదలుపెట్టాను. భుజానికి, మణికట్టుకి ఎంత మంచిదో చెప్పలేను. దగ్గర్లో నేర్పేవాళ్లు దొరికితే వదులుకోకండి.

సీతమ్మధార_బ్రౌన్‌బెల్ట్

మూడు వారాలైంది. మూడు చోట్లకీ వెళ్లొచ్చాను. రాసిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

తైక్వాండో గ్రౌండులో నలభై మంది దాకా పిల్లలు, పెద్దవాడికి పదహారు ఉంటాయి. మాస్టారు నాతో పావుగంట కూర్చుని, "మీకు జోడీ కట్టడానికి నా దగ్గర ఎవరూ లేరండి, చేర్చుకుంటే మీ డబ్బు తీసుకున్నట్టే అవుతుంది" అన్నారు. మా బాబుని ఆయన దగ్గరే వేస్తాను.

జిమ్‌లో లైట్లు, అద్దాలు, బ్యాగులు అన్నీ బాగున్నాయి. ట్రయల్ ఫ్రీ. నా వయసు గానీ గ్యాప్ గానీ ఎవరూ అడగలేదు. ఇరవై నిమిషాలకి ఇరవై రెండేళ్ల కుర్రాడితో స్పారింగ్. కోచ్ ఫోన్‌లో ఉన్నారు. ఎడమ చెవి మీద ఒకటి పడింది, రాత్రి దాకా గుయ్ మంటూనే ఉంది. బయటికి వస్తుంటే కౌంటర్ దగ్గర ఆరు నెలల ఫారం, పెన్నుతో సహా. మ్యాట్_మీద_మనిషి గారూ, మీ ఆట మీద నాకు గౌరవమే. ఆ హాలు మాత్రం నాకు కుదరదు.

ఎంవీపీ హాలుకి వాన పడుతున్న మంగళవారం వెళ్లాను. మెట్ల మీద చెప్పులు వరసగా ఉన్నాయి. పెద్దలు పదకొండు మంది. నెరిసిన జుట్టుతో ఒకావిడ అప్పటికే తడిబట్టతో మ్యాట్లు తుడుస్తున్నారు. ఆవిడ అక్కడ సీనియర్ బ్లాక్ బెల్ట్ అని తర్వాత తెలిసింది. మాస్టారు మూడు అడిగారు: ఎన్నేళ్లైంది, ఏం మందులు వాడతారు, ఎక్కడ నొప్పి. నాకు జోడీగా నలభై ఐదేళ్ల బ్యాంకు ఉద్యోగిని ఇచ్చారు. ఆయన రెయ్ (వంగి నమస్కారం) చేసే ముందు, "నా కుడి మోకాలు బాగోదండి, మీకేది?" అని అడిగారు. తొడ వెనక అన్నాను. గంటసేపట్లో ఆయన కాలు ఒక్కసారి కూడా అటు రాలేదు.

చివర్లో వచ్చిన కాటా చేయమన్నారు. హేయాన్ షోదాన్ అన్నాను. "మా దగ్గర దాని పేరు పినాన్ నిదాన్. ఫునకోషి మొదటిదాన్నీ రెండోదాన్నీ అటూ ఇటూ మార్చాడు. మీరు మీలాగే చేయండి" అన్నారు. వాళ్లు నిలబడే తీరు మా షోటోకాన్ కంటే పొట్టిగా, ఎత్తుగా ఉంటుంది, మోకాలికి సుఖం. కానీ దారి అదే దారి. తొమ్మిదో కదలిక దగ్గర ఈసారి మింగలేదు. హాలంతా మోగింది.

నెల ఫీజు కట్టాను. మంగళ, శని. తెల్ల బెల్ట్.

గాజువాక_షిఫ్ట్

చదువుతుంటే ఒళ్లు జలదరించింది అన్నా. చెవి గుయ్ మనడం తగ్గిందా? లేకపోతే ఈఎన్‌టీకి చూపించు, ఆలస్యం చేయకు.

సీతమ్మధార_బ్రౌన్‌బెల్ట్

మర్నాటికే తగ్గింది తమ్ముడూ, అయినా చూపించాను, పర్వాలేదన్నారు.

ఇసుకతోట_కొత్త

నేను ఇన్నాళ్లూ ఊరికే చదువుతూ వచ్చాను. 41 ఏళ్లు, పద్దెనిమిదేళ్ల గ్యాప్, గ్రీన్ బెల్ట్ దగ్గర ఆపేశాను. ఈ శనివారం వచ్చి పక్కన కూర్చుని చూడొచ్చా? మాస్టారు ఏమైనా అనుకుంటారా?

సీతమ్మధార_బ్రౌన్‌బెల్ట్

ఏమీ అనుకోరండి, రండి. క్లాసు 6:30కి. ఓ పావుగంట ముందొస్తే మ్యాట్లు తుడిచే టైముకి అందుకుంటారు, ఇంకో బట్ట ఉంది.