ర్యాక్ క్లస్టర్ డయాగ్నస్టిక్ టూల్స్ అన్నిటినీ టీఎఫ్ఏసీటీఎల్ ద్వారానే నడపడం మంచిదేనా?

వైట్‌ఫీల్డ్ డీబీఏ (ప్రశ్న):

నమస్కారం. బెంగళూరు నుంచి మా బృందం ఒక క్లయింట్‌కు చెందిన మూడు ఒరాకిల్ ర్యాక్ (ఒకే డేటాబేస్‌ను ఒకటికి మించిన సర్వర్లు కలిసి నడిపే ఏర్పాటు) క్లస్టర్లను చూసుకుంటోంది. అన్నీ రెండేసి నోడ్లవి (సర్వర్లవి), లినక్స్ మీద 19సీ వెర్షన్‌లో నడుస్తున్నవి. ఇటీవల అర్ధరాత్రి దాటాక ఒక నోడ్ ఎవిక్ట్ అయి, అంటే క్లస్టర్ నుంచి వెలివేయబడి, రీబూట్ అయింది. క్లస్టర్‌వేర్ (నోడ్లను కలిపి ఉంచే సాఫ్ట్‌వేర్) అలర్ట్ లాగ్, ఓసీఎస్ఎస్‌డీ (ఏ నోడ్లు బతికి ఉన్నాయో చూసే ప్రాసెస్) ట్రేస్, డేటాబేస్ ట్రేస్‌లు, ఓఎస్‌వాచర్ (సీపీయూ, మెమరీ వంటి వాటి నమూనాలు తీసే టూల్) ఫైళ్లు ఒక్కొక్కటి ఒక్కోచోట ఉండగా, సిస్టమ్ మెసేజెస్ ఫైలు లినక్స్ బృందం అనుమతి ఇస్తే తప్ప చదవలేము. వీటన్నిటినీ రెండు నోడ్ల నుంచీ సేకరించి ఒరాకిల్ సపోర్ట్‌కు పంపేసరికి తెల్లవారింది.

టీఎఫ్ఏసీటీఎల్ అనే, ఒరాకిల్ ట్రేస్ ఫైల్ ఎనలైజర్ (టీఎఫ్ఏ)ను నడిపే ఒక్క కమాండ్‌తో ఇదంతా జరుగుతుందని సహోద్యోగులు అంటున్నారు. అది ఫైళ్లను జిప్ చేసి ఇవ్వడానికి మాత్రమేనా, మిగిలిన టూల్స్‌ను కూడా నిజంగా నిర్వహిస్తుందా? రూట్ హక్కులతో నడిచే డీమన్ (వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) ఎందుకని క్లయింట్ సెక్యూరిటీ బృందం అడుగుతోంది; వారికి ఏమని జవాబు చెప్పాలి? అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

తరమణి:

టీఎఫ్ఏసీటీఎల్ రెండు రకాల పనులు చేస్తుంది. లాగ్‌లను గమనించడం, సేకరించడం దాని సొంత పని. ఓఎస్‌వాచర్, ఓరాటాప్, ప్రాక్‌వాచర్ వంటి ఇతర టూల్స్‌ను నడపడం, ఆపడం, వాటి స్థితిని చూపడం రెండో పని. టూల్‌స్టేటస్ అనే సబ్‌కమాండ్ ఇస్తే ఏ టూల్ నడుస్తున్నదో, ఏది ఆగి ఉన్నదో తెలుస్తుంది. ముందుగా అది నడిపి చూడండి, ఎందుకంటే చాలాచోట్ల చిక్కు అక్కడే ఉంటుంది. గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌తో (క్లస్టర్‌వేర్ ఉండే ఒరాకిల్ ప్యాకేజీతో) పాటు 11.2.0.4 నుంచి టీఎఫ్ఏ వస్తున్నా, అలా వచ్చిన కాపీలో ఈ అదనపు టూల్స్ ఉండవు. మై ఒరాకిల్ సపోర్ట్‌లో 2550798.1 నంబరు గల డాక్యుమెంట్ నుంచి అటానమస్ హెల్త్ ఫ్రేమ్‌వర్క్‌ను దించుకుని వేసుకుంటే టీఎఫ్ఏ, ఓరాచెక్, తక్కిన టూల్స్ అన్నీ కలిసి వస్తాయి.

నా దృష్టిలో దీని అసలు ప్రయోజనం జిప్ చేయడం కాదు. డయాగ్‌కలెక్ట్ అనే సేకరణ సబ్‌కమాండ్‌కు ఫ్రమ్, టు అని సమయాలు ఇస్తే ఆ వ్యవధికి సంబంధించిన భాగాలను మాత్రమే పెద్ద ఫైళ్ల నుంచి కత్తిరించి, అన్ని నోడ్ల నుంచీ ఒకే వ్యవధికి సేకరిస్తుంది. చేత్తో సేకరించేటప్పుడు ఒక నోడ్ నుంచి రెండు గంటల లాగ్, మరో నోడ్ నుంచి అరగంట లాగ్ వెళ్లడం, సపోర్ట్ వారు మళ్లీ అడగడం మనందరికీ తెలిసినదే. ఓఆర్ఏ-600, ఓఆర్ఏ-4031 వంటి నిర్దిష్ట సమస్యలకు ఎస్ఆర్‌డీసీ ఆప్షన్ కూడా ఉంది. సపోర్ట్ వారు ఏయే ఫైళ్లు అడుగుతారో దానికి ముందే తెలుసు కనుక ఆ ఉత్తరప్రత్యుత్తరాలు తగ్గుతాయి.

అయితే ఘటన జరిగిన సమయంలో నమోదు కానిదాన్ని ఏ కమాండూ తరవాత సేకరించి ఇవ్వలేదు. సీఎస్ఎస్ మిస్‌కౌంట్ (హార్ట్‌బీట్, అంటే బతికి ఉన్నానన్న సంకేతం, అందకపోతే నోడ్‌ను వెలివేసే ముందు ఆగే గడువు) డిఫాల్ట్‌గా 30 సెకన్లు, ఓఎస్‌వాచర్ నమూనా తీసే వ్యవధి కూడా డిఫాల్ట్‌గా 30 సెకన్లే. అంటే నోడ్ ప్రాణం కొట్టుమిట్టాడిన ఆ అరనిమిషానికి మీకు దక్కేది ఒక్క నమూనా. అందుచేత ఓఎస్‌వాచర్‌ను స్టార్ట్ చేసేటప్పుడు వ్యవధిని పది సెకన్లకు తగ్గించండి. పాత ఫైళ్లను అది డిఫాల్ట్‌గా 48 గంటలే ఉంచుతుంది. శుక్రవారం రాత్రి జరిగినదాన్ని సోమవారం ఉదయం చూద్దామనుకుంటే ఏమీ మిగలదు. దాన్నీ పెంచండి.

హెబ్బాళ లినక్స్:

నేను డీబీఏను కాను, కానీ ఇటువంటి సర్వర్లకు రూట్ పాస్‌వర్డ్ మా బృందం దగ్గరే ఉంటుంది కనుక రెండో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. రూట్‌గా ఇన్‌స్టాల్ చేయకపోతే ఆటోమేటిక్ కలెక్షన్లు ఉండవు, పక్క నోడ్ నుంచి సేకరించడం కుదరదు, సిస్టమ్ మెసేజెస్ ఫైలు వంటివి చదవడం కుదరదు. మీరు కోరుకుంటున్నవి సరిగ్గా ఆ మూడే. సెక్యూరిటీ బృందానికి ఇదే రాసి ఇవ్వండి. డీమన్లు తమలో తాము ఎస్ఎస్ఎల్‌తో మాట్లాడుకుంటాయనీ, డిఫాల్ట్‌గా 5000 నుంచి 5005 వరకు పోర్టులు వాడతాయనీ, వాటిని క్లస్టర్ నోడ్ల మధ్య మాత్రమే తెరిస్తే చాలనీ చేర్చండి. మామూలు యూజర్లలో ఎవరికి అనుమతి ఉన్నదో యాక్సెస్ సబ్‌కమాండ్‌తో చూపించవచ్చు. హోస్ట్ పేర్లు, ఐపీ అడ్రస్‌లు బయటకు వెళ్తాయన్న అభ్యంతరం కూడా తప్పకుండా వస్తుంది. దానికి కలెక్షన్‌లో మాస్క్ లేదా శానిటైజ్ ఆప్షన్ వాడవచ్చు.

డిస్క్ సంగతి కూడా చూసుకోండి. రిపాజిటరీ (కలెక్షన్లు దాచే డైరెక్టరీ) గరిష్ఠ పరిమాణం డిఫాల్ట్‌గా 10 జీబీ లేదా ఆ ఫైల్‌సిస్టమ్‌లోని ఖాళీలో సగం, రెండింటిలో ఏది తక్కువైతే అది. అది నిండితే పాత కలెక్షన్లను తొలగిస్తుంది, 12 గంటలు దాటినవన్నీ ఆ తొలగింపుకు అర్హమైనవే. రాత్రి షిఫ్ట్ వారు సేకరించినదాన్ని వెంటనే వేరేచోటికి కాపీ చేయకపోతే మర్నాటి సాయంత్రానికి అది ఉంటుందన్న భరోసా లేదు.

వైట్‌ఫీల్డ్ డీబీఏ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. టూల్‌స్టేటస్ చూశాను, తరమణి గారు చెప్పినట్లు మా దగ్గర ఉన్నది గ్రిడ్‌తో వచ్చిన కాపీయే. ఇంకొక సందేహం. సర్వర్లు యూటీసీలో ఉన్నాయి, మా మానిటరింగ్ అలర్ట్‌లు మాత్రం ఇక్కడి సమయంలో వస్తాయి. ఫ్రమ్, టు ఏ సమయంలో ఇవ్వాలి?

తరమణి:

సర్వర్ సమయంలోనే ఇవ్వండి. మన రాత్రి 2:10 అంటే యూటీసీలో ముందురోజు 20:40. గంటలతో పాటు తేదీ కూడా మారుతుందని షిఫ్ట్ నోట్స్‌లో రాసి పెట్టండి. పైగా క్లస్టర్‌వేర్ తన టైమ్‌జోన్‌ను గ్రిడ్ హోమ్‌లోని ఎస్_సీఆర్ఎస్‌కాన్ఫిగ్ ఫైలు నుంచి తీసుకుంటుంది కనుక అది మీ షెల్‌లోని దానికి భిన్నంగా ఉండవచ్చు. ఒకసారి సరిచూసుకోండి. 12.2 నుంచి డేటాబేస్ అలర్ట్ లాగ్‌లో సమయం పక్కనే యూటీసీతో తేడా కూడా అచ్చవుతుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక.

ఎలక్ట్రానిక్ సిటీ:

పైవారు చెప్పినదానితో నాకు పేచీ లేదు, కానీ ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. అనలైజ్ సబ్‌కమాండ్ ఇచ్చే ఎర్రర్ల పట్టికనే కారణంగా భావించి రిపోర్టులో రాసేవారిని చాలామందిని చూస్తున్నాను. ఆ పట్టిక ఎక్కడ చూడాలో చెబుతుంది, ఏం జరిగిందో చెప్పదు.

మీ ఘటననే తీసుకుందాం. బతికి ఉన్న నోడ్ క్లస్టర్‌వేర్ అలర్ట్ లాగ్‌లో సీఆర్ఎస్-1612, 1611, 1610 మెసేజ్‌లు వరుసగా ఉంటే, పక్క నోడ్ నుంచి నెట్‌వర్క్ హార్ట్‌బీట్ అందక గడువులో 50, 75, 90 శాతం గడిచిపోయిందని అర్థం. దాన్ని చూడగానే తప్పు ఇంటర్‌కనెక్ట్‌దే (నోడ్ల మధ్య ఉండే ప్రైవేట్ నెట్‌వర్క్‌దే) అని నెట్‌వర్క్ బృందం మీద టికెట్ వేస్తారు. కానీ హార్ట్‌బీట్ పంపవలసిన ఓసీఎస్ఎస్‌డీకి సీపీయూ దొరకకపోయినా, మెమరీ చాలక మెషిన్ మొత్తం స్తంభించినా అవే మెసేజ్‌లు వస్తాయి. తేడా తెలియాలంటే ఎవిక్ట్ అయిన నోడ్‌లోని ఓఎస్‌వాచర్ వీఎంస్టాట్ (సీపీయూ, మెమరీ నమూనాల) ఫైలు తెరవండి. నమూనాల మధ్య వ్యవధి ఒక్కసారిగా పెరిగి ఉంటే, అంటే పది సెకన్లకు రావలసినది నలభై సెకన్లకు వచ్చి ఉంటే, మెషినే ఆగిపోయిందని అనుమానించాలి. నమూనాలు సక్రమంగా పడుతూ, ప్రైవేట్ నెట్‌వర్క్ ట్రేస్‌రూట్ (నోడ్ల మధ్య దారి పరీక్ష) మాత్రం విఫలమై ఉంటే అప్పుడు నెట్‌వర్క్ వైపు వెళ్లండి. ఆ ట్రేస్‌రూట్ నమోదు కావాలంటే ఓఎస్‌వాచర్ డైరెక్టరీలో ప్రైవేట్.నెట్ అనే ఫైలు ఉండాలి, అది ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. కొత్తగా చేరినవారికి కమాండ్‌లతో పాటు అలర్ట్ లాగ్‌ను, ఓఎస్‌వాచర్ ఫైళ్లను పక్కపక్కన పెట్టి చదవడం కూడా నేర్పిస్తే బాగుంటుంది.

వైట్‌ఫీల్డ్ డీబీఏ:

మాకు దక్కిన ఓఎస్‌వాచర్ ఫైళ్లలో ఇది చూడాలని తట్టనే లేదండి, ఈ రాత్రి షిఫ్ట్‌లో చూస్తాను. రూట్ అనుమతికి చేంజ్ రిక్వెస్ట్ పెట్టాను. అది వచ్చేలోగా ఒరాకిల్ యూజర్‌తోనే ఇన్‌స్టాల్ చేసుకుని వాడవచ్చా?

హెబ్బాళ లినక్స్:

వాడవచ్చు, కానీ ప్రతి నోడ్‌లోనూ విడిగా లాగిన్ అయి కలెక్షన్ నడపాలి, సమయాలు రెండుచోట్లా ఒకటే ఇవ్వాలి. మెసేజెస్ ఫైలు కోసం అప్పటిదాకా మీ లినక్స్ బృందాన్నే అడగాలి.