మామిడి చెట్ల మీది వాండాను పీకించాలా, ఉంచాలా?

తోట రైతు, కొల్లాపూర్: మా మామిడి తోటలో పదకొండు చెట్ల మీద వాండా ఆర్కిడ్ పెరిగింది. కాయ కోత అయిపోయింది, వచ్చే వారం కొమ్మలు కత్తిరిస్తాం. ‘ఇదీ బదనికే, చెట్టు రసం తాగుతుంది, మొత్తం పీకేద్దాం’ అని మేస్త్రీ పట్టుబడుతున్నాడు. మీరేమంటారు?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్: పీకించకండి అన్నా! బదనిక తన పీల్చే వేరును కొమ్మ కలపలోకి దించి నీటిని, లవణాలను లాగేస్తుంది. అది పట్టిన చోట కొమ్మ ఉబ్బుతుంది, అక్కడి నుంచి చివర ఎండుతూ వస్తుంది. వాండా అలా కాదు. దాని వేళ్లు బెరడును పట్టుకుని ఉంటాయి తప్ప లోపలికి దిగవు. ఒక వేరును మెల్లగా లేపి చూడండి, బెరడుకు గాయం కనబడదు. ఆ బూడిదరంగు వేరు మీద నీళ్లు చల్లితే కాసేపట్లో పచ్చబడుతుంది. పైనున్న మెత్తటి పొర వాననీటిని పీల్చుకుంటుంది, లోపలి పత్రహరితం బయటికి కనిపిస్తుంది. తన తిండి తానే వండుకునే మొక్క అది.

ఈ పొరపాటుకు పేరు కూడా కారణమే. సంస్కృతంలో ‘వందా’ అంటే చెట్ల మీద పెరిగే మొక్క, పరాన్నజీవులనూ అలాగే పిలిచారు. ఆ మాటే ఈ ప్రజాతికి పేరైంది. మన వైపు ఉండేది వాండా టెస్సెలేటా. 1795లో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అప్పట్లో దీన్ని ఎపిడెండ్రమ్ అనే మరో ఆర్కిడ్ ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. టెస్సెలేటా అంటే గళ్లు గళ్లుగా ఉన్నది. పువ్వు రేకుల మీది గోధుమరంగు గళ్లు చూసినవారికి ఆ పేరెందుకో చెప్పనక్కరలేదు.

రైతు, దేవరకొండ: రసం తాగదు, ఒప్పుకుంటాను. బరువు మాటేమిటి మేడమ్? మా పాత మామిడి కొమ్మ మీద ఇది గుబురుగా పెరిగింది, గాలివానకు ఆ కొమ్మే విరిగింది. నాకు పండే కొమ్మ ముఖ్యం.

అధ్యాపకురాలు: కొమ్మ పోతే ఎంత బాధో నాకు తెలుసు. విరిగిన చోట లోపల డొల్లగా ఉందేమో చూశారా? పాత కొమ్మలు పుచ్చిపోయి విరగడమే ఎక్కువ. బరువే భయమైతే ఆ మొక్కను వేళ్లు తెగకుండా విడదీసి, కొబ్బరి తాడుతో మొదలు మానుకు కట్టండి. పారేయడం మాత్రం వద్దు. వాండా గింజ దుమ్ములా ఉంటుంది, అందులో దాచుకున్న ఆహారం ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతుంది, పూయడానికి మళ్లీ ఏళ్లు పడుతుంది. ఒక్క పూటలో పీకేసినదాన్ని మీ పిల్లలు చూడాలంటే ఎంతకాలం ఆగాలి?

రైతు, దేవరకొండ: కట్టి చూస్తాను. కాయలు కాసే కొమ్మ మీద మాత్రం ఉంచను.

తోట రైతు, కొల్లాపూర్: ఈ ఉదయం మేస్త్రీని వెంటబెట్టుకుని ప్రతి చెట్టూ చూశాను. తొమ్మిదింటి మీద వేరు లేపితే కింద బెరడు శుభ్రంగా ఉంది. రెండు చెట్ల మీద వాండా పక్కనే అసలు బదనిక ఉంది, కొమ్మ ఉబ్బింది కూడా. ఆ కొమ్మలను ఉబ్బు కింది నుంచి కోయిస్తున్నాను. వాటి మీది వాండా మొక్కలకు కొబ్బరి తాడు తెప్పించాను.