హాఫ్ మారథాన్ ప్రాక్టీసులో షుగర్ పడిపోతోంది

నాకు టైప్ 1 షుగర్ జబ్బు. విశాఖ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్లకి తయారవుతున్నా. ఆదివారం ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు వెళ్తూ తెన్నేటి పార్కు దాటానో లేదో, వేళ్లు వణికిపోయాయి. మీటర్లో 58! గ్లూకోజ్ పొట్లం చేత్తో చింపలేక పళ్లతో చింపాను. అర్ధరాత్రి మళ్లీ 64. ఎక్కడ తప్పు జరుగుతోంది?

జవాబు: ఇన్సులిన్ తొడకి చేసుకున్నారా? పరుగులో రక్తం అక్కడికే ఎక్కువ పారుతుంది, మందు తొందరగా ఎక్కేస్తుంది.

తొడకేనండీ. ఇడ్లీలు తిని, మొత్తం డోసు వేసుకుని, అరగంటకే బయల్దేరా.

జవాబు: అదీ సంగతి. పొట్టకి మార్చండి. డోసు ఎంత తగ్గించాలో మాత్రం మీ డాక్టరుగారే చెప్పాలి. 70 కిందికొస్తే ఆగిపోండి. 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. ఖర్చయిన గ్లైకోజెన్ (కండరాల్లో దాచి ఉండే చక్కెర నిల్వ) నింపుకోడానికి కండరాలు రాత్రంతా చక్కెర లాక్కుంటాయమ్మా, పడుకోబోయే ముందు చూసుకోండి. మా తమ్ముడికీ ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

రేపే డాక్టరుగారి దగ్గరికి వెళ్తా. ఈ ఆదివారం చెల్లి స్కూటీ మీద వెనకాలే వస్తానంది.