రాచకొండ శిఖరం దాకా సిమెంటు మెట్లు కావాలా?

నల్లగొండ నుంచి, ప్రతిపాదన:
మొన్న మా నాన్నగారిని రాచకొండ కోటకు తీసుకువెళ్లాను. దర్వాజా దాటాక బండల మీద కాలు నిలవక ఆయన చెట్టు నీడన కూర్చుండిపోయారు. 2016లో పోలీసు కమిషనరేటుకు ఆ పేరు పెట్టాక రాచకొండ మాట వినని వారు లేరు గానీ, భువనగిరి గుట్ట ఎక్కినవారు కూడా ఇటు రారు. శిఖరం దాకా సిమెంటు మెట్లు, ఇనుప కమ్మీలు వేయించమని అందరం కోరుదాం.

సంస్థాన్ నారాయణపురం నుంచి, జవాబు:
మీ నాన్నగారు సగంలో ఆగిపోవలసి రావడం నాకూ బాధగానే ఉంది. అయినా ఈ కోరికను సమర్థించలేను. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధానిగా వెలసిన ఈ కోటలో సున్నం లేకుండా, పెద్ద పెద్ద రాళ్లను ఒకదానికొకటి ఒదిగేలా చెక్కి పేర్చిన గోడలు ఉన్నాయి. వాన వెలిసిన వెంటనే వెళితే కొండమీది నీరు ఆ సందుల్లోంచి సన్నగా కారుతూ ఉంటుంది. గోడను ఇన్నాళ్లు నిలబెట్టినవి ఆ సందులే. వాటికి ఆనించి సిమెంటు పోస్తే నీరు వెనకే నిలిచి, నానిన మన్ను గోడను ముందుకు తోస్తుంది. ఇక కమ్మీల విషయానికి వస్తే, మన గ్రానైటు ఉల్లిగడ్డలా పొరలు విడిచే రాయి. దానిలో దించిన ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే చుట్టూ ఉన్న రాయి పగులుతుంది, కడ్డీ ఊగుతుంది, దాన్ని నమ్మి బరువు మోపిన మనిషికి మొదటికే మోసం.

అసలు ప్రమాదం మెట్లు లేకపోవడం కాదు, నీరు పారే చోట బండ మీద కనిపించే నల్లటి చారలు. అది ఎండిన పాచి. ఎండాకాలంలో బాగానే ఉంటుంది, నాలుగు చినుకులు పడితే సబ్బు. పోయిన వానాకాలం నేను అక్కడే జారి మోచేయి చీరుకున్నాను. దగ్గర్లో మేకలు కాస్తున్న పెద్దాయన, "నల్లబండ మీద కాలు వెట్టకు సారూ, తెల్లబండ వట్టుకొని రా" అన్నాడు. ఆ తరువాత ఒక్కసారి కూడా జారలేదు. అటువంటి వారికి కూలి ఇచ్చి దారి చూపించమనడం, కదిలిన పాత రాతిమెట్లను మళ్లీ కుదురుగా కూర్చోబెట్టడం, దారి చీలే చోట గుర్తురాళ్లు నిలపడం, పెద్దవాళ్ల కోసం దర్వాజా దగ్గరే నీడ, నీళ్లు ఏర్పాటు చేయడం: మనం అడగవలసినవి ఇవి.

నల్లగొండ నుంచి, మళ్లీ:
తుప్పు సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. గోడల దగ్గర సిమెంటు మాట వదిలేస్తాను. కానీ పైకి పోయే కొద్దీ పట్టు లేని నున్నని బండ దగ్గర చీర కట్టుకున్న ఆడవాళ్లు ఏం చేయాలి? "ఎక్కగలిగినవాళ్లే ఎక్కండి" అనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

సంస్థాన్ నారాయణపురం నుంచి:
ఆ ఒక్క చోటి గురించి మీరన్నది నిజమే. అక్కడ రాతిలోనే పాదం పట్టేటంత గాడి చెక్కించడానికి పురావస్తు శాఖ వారి అనుమతి అడుగుదాం. దరఖాస్తు నేను రాస్తాను, మీ సంతకం కూడా కావాలి.